పళ్ళెం పెట్టి బీదరికాన్ని కొలిచిన చరిత్ర

ఒక బడిలో బీద పిల్లలు ఎందరున్నారు? ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పాలంటే మాత్రం హెడ్మాస్టరు మొదలు సర్కారు దాకా అందరూ తడుముకొనవలసినదే. పిల్లవాడి మొహం చూసి చెప్పలేము. ఉతికిన చొక్కా వేసుకొని వచ్చినవాడి ఇంట్లో పొద్దున పొయ్యి వెలిగిందో లేదో మనకేమి తెలుసు? ఇంటికి పోయి అడిగితే ఇజ్జత్ గల తల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పదు. అందుకని ప్రతి దేశంలోనూ ఏదో ఒక కాగితాన్ని పట్టుకొని బీదలను లెక్కపెట్టుట అలవాటైనది. మన వద్ద ఆ కాగితం రేషన్ కార్డు, లేదా తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చే ఆదాయ ధృవపత్రము. అమెరికా వారికి అర్ధ శతాబ్దంగా ఆ పని చేసిపెట్టినది బడిలో మధ్యాహ్నం పూట పెట్టే భోజనపు జాబితా.

స్కాలర్‌షిప్పుల వేళ వచ్చేసరికి "అసలైన హక్కుదారు ఎవరు" అనే మాట మీద మన సొసైటీలో గంటల తరబడి వాదన జరుగుట సభ్యులందరికీ తెలిసినదే. అదే వాదన ఒక పెద్ద దేశంలో ఎట్లా నడిచినదో చూస్తే మనకూ పనికి వచ్చునని తలచి ఈ చరిత్రను ఎత్తుకొన్నాము.

అమెరికాలో జాతీయ పాఠశాల భోజన చట్టము మీద అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ సంతకం చేసినది 1946 జూన్ 4వ తేదీన. అది కేవలం దయతో పుట్టిన చట్టము కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి పిలిచిన యువకులలో చాలామంది తిండి సరిగా లేక పెరిగినందున పనికిరాని వారని తేలినది. అది ఒక భయము. రెండవది రైతుల గోడు. 1930ల కరువు కాలం నుంచి అక్కడ పంట మిగిలిపోయి ధరలు పడిపోతుంటే, 1935 నుంచి ఆ మిగులు సరుకును సర్కారే కొని బళ్ళకు పంపేది. అందుకే బడి భోజనం నేటికీ విద్యా శాఖ చేతిలో లేదు, వ్యవసాయ శాఖ చేతిలో ఉన్నది. ఇదే మిగులు సరుకు 1954 నాటి పీ.ఎల్. 480 చట్టము క్రింద సముద్రం దాటి మన దేశానికీ వచ్చినది. బడిలో పాలపొడి కలిపిన పాలు, గోధుమరవ్వ ఉప్మా తిన్నామని మన పెద్దలు చెప్పుకుంటారు కదా, ఆ బస్తాల మూలం అక్కడే.

1946 చట్టములో ఒక మంచి మాట వ్రాసిరి. డబ్బు కట్టలేని పిల్లలకు ఉచితముగా గాని, ధర తగ్గించి గాని పెట్టవలెను. వారిని వేరుగా చూపి అవమానించరాదు. మాట బాగున్నది. అయితే "కట్టలేనివాడు" ఎవరో ఎవరు తేల్చాలి? స్థానిక అధికారులు తేల్చుకొనవలెనని వదిలివేసిరి. అనగా ఆ ఊరి హెడ్మాస్టరుకు ఎవరు బీదవాడని తోస్తే వాడే బీదవాడు. ఒక ఊళ్ళో ఉచితంగా తిన్న పిల్లవాడు, కుటుంబం పక్క ఊరికి మారితే అక్కడ ఆకలితో కూర్చోవలసి వచ్చేది. పైగా ఉచిత భోజనాలకని ప్రత్యేకంగా డబ్బు కేటాయించలేదు. డబ్బు పెట్టి కొనుక్కొనే పిల్లల దగ్గర వచ్చినదానితోనే బీదవాడికీ సర్దాలి. ఇట్లా ఉంటే ఏ హెడ్మాస్టరు చేయి ధారాళంగా ఆడుతుంది చెప్పండి?

ఇరవై ఏళ్ళు ఇట్లాగే గడిచినవి. 1968లో అయిదు మహిళా సంఘాలు కలిసి ఊరూరా విచారించి ఒక నివేదిక ప్రకటించినవి. క్రైస్తవ, క్యాథలిక్, యూదు, నల్లజాతి మహిళల సంఘాలు, వై.డబ్ల్యు.సి.ఏ. – ఒకరి మసీదు గుమ్మం ఒకరు తొక్కరని మనం అనుకునే తీరులో మతాలు వేరైనా, పిల్లల అన్నం దగ్గర ఒక్కటైనారు. జీన్ ఫెయిర్‌ఫాక్స్ అనే ఆవిడ దానికి అధ్యక్షురాలు. వారు తేల్చిన లెక్క ఇది: బడిపిల్లలు దాదాపు 5 కోట్లు. బడి భోజనం తినేవారు సుమారు 1 కోటి 80 లక్షలు. బీద కుటుంబాల పిల్లలు దాదాపు 60 లక్షలు ఉండగా, ఉచితంగా గాని తగ్గింపు ధరకు గాని భోజనం అందేది 20 లక్షల మందికి కూడా కాదు. ప్రపంచానికి గోధుమలు పంచిపెట్టే దేశం తన బడిలో పిల్లవాడికి పెట్టలేకపోయినదన్న మాట పత్రికలలో గుప్పుమన్నది.

అప్పుడు వచ్చినది 1970 మే నెల చట్టము. ఇక హెడ్మాస్టరు ఇష్టము కాదు, దేశమంతటికీ ఒకే గీత. ఆ గీత ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో మాలీ ఒర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని 1963–64 ప్రాంతంలో ఒక లెక్క కట్టినారు. వ్యవసాయ శాఖ వారు కుటుంబానికి అతి తక్కువ ఖర్చులో తిండి ఎట్లా సరిపెట్టుకోవచ్చో ఒక పట్టిక వేసి ఉంచిరి. 1955 నాటి సర్వేలో కుటుంబాలు సగటున ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతున్నట్టు తేలినది. కాబట్టి ఆ తిండి ఖర్చును మూడింతలు చేస్తే అదే బీదరికపు గీత. ధరలు పెరిగినకొద్దీ అంకెలు మార్చుకుంటూ పోయినారు గాని పద్ధతి అదే. అంటే అన్నం ఖర్చు నుంచి పుట్టిన గీతతో మళ్ళీ అన్నం ఎవరికి పెట్టాలో తేల్చిరి. ఈ పొందిక మాకు విచిత్రంగా తోస్తుంది.

1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించదలచి గీతలను మళ్ళీ జరిపినది. బీదరికపు గీతకు 130 శాతం లోపు ఆదాయం ఉంటే భోజనం ఉచితం. 130కి పైన 185 లోపు ఉంటే తగ్గింపు ధర, అది 40 సెంట్లకు మించరాదు. (పచ్చళ్ళను, చట్నీలను కూడా కూరగాయల లెక్కలో వేయవచ్చునని ఆ ఏడే ఒక ముసాయిదా తెచ్చి, టొమాటో కెచప్ కూరగాయా అని జనం నవ్వేసరికి వెనక్కి తీసుకొనిరి. చట్నీతో కడుపు నిండదని మన ఇళ్ళలో చంటివాడికి కూడా తెలుసు.) ఆ 130, 185 అంకెలే నేటికీ నడుస్తున్నవి. 2024–25 బడి సంవత్సరానికి నలుగురున్న కుటుంబానికి ఏటా 40,560 డాలర్ల లోపు అయితే ఉచితం, 57,720 లోపు అయితే తగ్గింపు. అలాస్కా, హవాయి తప్ప తక్కిన 48 రాష్ట్రాలకూ ఇదే అంకె. న్యూయార్కులో ఇంటి అద్దె, మిసిసిపీ పల్లెలో ఇంటి అద్దె ఒకటి కాదని గీతకు తెలియదు.

ఇంతవరకు ఇది భోజనం కథ. కొలబద్దగా ఎట్లా మారినదో ఇక చూడాలి.

లిండన్ జాన్సన్ అధ్యక్షుడు కాకమునుపు, 1928లో, టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊరి బడిలో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పిన పంతులు. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే ఆ పిల్లలను తాను మరువలేదని 1965లో దేశ సభల ఎదుట ఆయన చెప్పినాడు. అదే ఏడు ఏప్రిల్ 11న, తాను చిన్నప్పుడు చదువుకున్న ఊరి బడి దగ్గర, తనకు అక్షరాలు నేర్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకొని విద్యా చట్టం మీద సంతకం చేసినాడు. పంతుళ్ళమైన మాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఛాతీ కొంచెం ఉబ్బుతుంది, దాచుకోవడం ఎందుకు. ఆ చట్టములోని మొదటి భాగము బీద పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్ళకు అదనపు సొమ్ము ఇస్తుంది. ఢిల్లీ వంటి వారి వాషింగ్టన్ నుంచి జిల్లాల దాకా ఆ సొమ్ము జనాభా లెక్కలను బట్టి పంచుతారు. జిల్లాలోకి వచ్చిన తరువాత ఏ బడికి ఎంత? జనాభా లెక్కలవారు బడి బడికీ తిరిగి చూడరు కదా. అప్పుడు అధికారుల చేతికి అందినది భోజనపు జాబితా. ప్రతి బడిలో ఉన్నది, ప్రతి ఏటా కొత్తగా తయారవుతుంది, విడిగా పైసా ఖర్చు లేదు. ఇంతకంటే ఏమి కావాలి!

ఒకసారి దొరికిన తరువాత దానిని వాడని వారు లేరు. బళ్ళకు ఇంటర్నెట్ ఖర్చులో రాయితీ 20 శాతమా 90 శాతమా అన్నది 1996 చట్టం తరువాత భోజనపు లెక్కతోనే తేల్చిరి. కాలేజీ ప్రవేశ పరీక్షకు ఫీజు మాఫీ కావాలంటే భోజనం అర్హత చూపితే చాలు. 2002 జనవరిలో బుష్ సంతకం చేసిన చట్టము, ప్రతి బడీ తన బీద పిల్లల మార్కులను విడిగా చూపవలెనన్నది. బీద పిల్లలు ఎవరు? భోజనపు జాబితాలో ఉన్నవారు. పరిశోధకులు వ్యాసాలు వ్రాసినా, పత్రికలు బళ్ళకు ర్యాంకులు కట్టినా అదే జాబితా. ఆకలి తీర్చడానికి పెట్టిన పళ్ళెం మీద ఇంత బరువు వేసిరి.

మరి ఆ జాబితా ఏమి చెబుతుంది? జాగ్రత్తగా చూస్తే, అది బీద పిల్లల జాబితా కాదు. "ఈ ఏడు ఫారం నింపి ఇచ్చి, గీతకు లోపల ఉన్నట్టు తేలిన ఇళ్ళ" జాబితా. ఈ రెంటికీ మధ్య చాలా దూరమున్నది.

ఫారం నింపనివాడు లెక్కలో లేడు. చిన్న తరగతులలో నింపుతారు. హైస్కూలుకు వచ్చేసరికి పిల్లలే వద్దంటారు. తోటివాడి ముందు ఉచితం ప్లేటు పట్టుకోవడం పదిహేనేళ్ళ వాడికి ఎంత కష్టమో పై తరగతులకు చెప్పే పంతులు ఎవరినైనా అడగండి. అందువల్ల చిన్న బడిలో బీదవాడుగా లెక్కకు వచ్చిన పిల్లవాడే పెద్ద బడికి వచ్చేసరికి కాగితం మీద కలవాడైపోతాడు. పరాయి దేశం నుంచి వచ్చి పత్రాలు సరిగా లేని తల్లిదండ్రులు, ఆ ఫారం వారి పత్రాలను అడగకపోయినా, సర్కారు కాగితమంటేనే భయపడతారు. ఇంకొక సంగతి మనవారికి తొందరగా అర్థమవుతుంది. బడి భోజనంలో హలాల్ దొరకని చోట ముస్లిం తల్లి పొద్దున్నే లేచి డబ్బా కట్టి పంపుతుంది. పిల్లవాడు ఆ భోజనం తినడు గనుక ఫారం నింపవలసిన అగత్యం ఆమెకు కనబడదు. తండ్రి టాక్సీ నడుపుతున్నా, సంపాదన గీతకు ఎంత దిగువనున్నా, ఆ ఇల్లు లెక్కకు రాదు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్ వంటి చోట బడిలోనే హలాల్ పెట్టే ఏర్పాటు వచ్చినది గాని అన్ని ఊళ్ళూ డియర్‌బోర్న్ కాదు.

మరొకవైపు, గీతకు పైన ఉన్నవారు లోపల చేరడమూ ఉన్నది. సాధారణముగా బడివారు నూటికి మూడు ఫారాలను మాత్రమే తనిఖీ చేస్తారు. 2005–06లో వ్యవసాయ శాఖ జరిపించిన విచారణలో దరఖాస్తుదారులు, జాబితాలోని వారు కలిసి అయిదుగురిలో ఒకరికి పైగా అర్హత తప్పుగా తేల్చబడినట్టు కనబడినది. ఇదంతా మోసమని అనరాదు. వారం కూలిని నెలకు గుణించడంలో తప్పు, ఇంట్లో మనుషులను లెక్కపెట్టడంలో తప్పు, గుమాస్తా తప్పు. కొందరికి రానిది వచ్చినది, కొందరికి రావలసినది పోయినది.

పోనీ, ఫారాలన్నీ నిజమే అనుకున్నా ఇంకొక చిక్కు మిగులుతుంది. గీతకు లోపల ఉన్నవారందరూ ఒక్క తీరు కాదు. రెండు బళ్ళలోనూ నూటికి 70 మంది జాబితాలో ఉన్నారనుకోండి. ఒక బడిలో ఆ 70 మంది తండ్రులూ ఫ్యాక్టరీలో పని ఉన్నవారు, గీతకు కొంచెం దిగువ. ఇంకొక బడిలో సగం మందికి ఇల్లే లేదు. కాగితం మీద రెండూ సమానమే. పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు మాత్రం "అదే బీదరికంలో ఆ బడి బాగా చెప్పినది, ఈ బడి చెప్పలేదు" అని టీచర్లను నిలదీస్తారు. ఇది న్యాయము కాదని మా నిశ్చితాభిప్రాయము.

ఈ తికమక 2015 జనవరిలో బాగా బయటపడినది. దక్షిణ రాష్ట్రాల విద్యా ఫౌండేషన్ వారు ఒక నివేదిక వేసిరి: 2013లో అమెరికా ప్రభుత్వ బళ్ళలో నూటికి 51 మంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు భోజనానికి అర్హులు. ఆ నివేదిక వారిని అల్పాదాయ వర్గమనే అన్నది. పత్రికలు మాత్రం "బడిపిల్లలలో సగానికి మించి బీదరికంలో" అని శీర్షికలు పెట్టినవి. కాని సర్కారు బీదరికపు లెక్క ప్రకారం ఆ ఏడు ఆ గీతకు దిగువ ఉన్న పిల్లలు అయిదింట ఒక వంతు మాత్రమే. 185 శాతం గీతను 100 శాతం గీతగా చదివితే ఇట్లాగే అవుతుంది. ఆ 51లో బీదరికం లేదని కాదు మా మాట. గీతకు కాస్త పైన ఉండి మందుల ఖర్చు వస్తే కూలిపోయే ఇళ్ళు అందులో లక్షలున్నవి. కాని ఒక అంకెను దాని అర్థం మార్చి చెబితే, రేపు ఎదుటివాడు ఆ తప్పును చూపి అసలు బీదరికమే లేదంటాడు. బీదల పక్షాన మాట్లాడేవాడికి హిసాబు మరింత శుభ్రంగా ఉండాలి.

జాబితాను పూర్తిగా పారవేయాలా? అక్కరలేదని ఇద్దరు పరిశోధకురాళ్ళు, కేథరిన్ మిషెల్‌మోర్, సూసన్ డైనార్‌స్కీ, 2017లో ప్రచురించిన పరిశీలనలో చూపినారు. వారు మిషిగన్ రాష్ట్రపు 8వ తరగతి పిల్లల రికార్డులను ఆ ఒక్క ఏటికి కాక, కిండర్‌గార్టెన్ నుంచి ఏడేడుకూ తిరగవేసి చూసిరి. ఆ ఏడు జాబితాలో ఉన్నవారు సగం మంది. ప్రతి ఏడూ తప్పకుండా జాబితాలో ఉంటూ వచ్చినవారు నూటికి 14 మందే. మార్కులలో అందరికంటే వెనుక ఉన్నది ఈ 14 మందే. జాబితాలో గడిపిన ఏళ్ళు ఒక్కొక్కటి పెరిగినకొద్దీ మార్కులు మెట్టు మెట్టుగా దిగినవి. ఇంకా విచారించదగిన సంగతేమంటే, ఆ తేడా 3వ తరగతిలోనే దాదాపు అంతే ఉన్నది. ఒక ఏడు కష్టపడి తేరుకున్న ఇల్లు వేరు, పిల్లవాడు పుట్టినది మొదలు తేరుకోని ఇల్లు వేరు. ఒక్క ఏటి కాగితం ఈ ఇద్దరినీ కలిపేస్తుంది. మన సొసైటీ రిజిస్టర్లు కూడా ఏడాదికొకటి కట్టి బీరువాలో పెట్టేస్తాము; పాతవి ఒకసారి పక్కపక్కన పరచి చూస్తే బాగుండును.

ఇక ఇజ్జత్ సంగతి. వేరుగా చూపరాదని 1946 చట్టము, గట్టిగా 1970 చట్టము చెప్పినా, వేరు రంగు టికెట్లు, వేరు వరుసలు చాలాకాలం నడిచినవి. బాకీ పడిన పిల్లవాడి చేతి మీద ముద్ర వేసి ఇంటికి పంపుట, వేడి భోజనం లాగేసి చల్లని చీజ్ సాండ్విచ్ చేతిలో పెట్టుట మొన్నమొన్నటి దాకా జరిగినవి. దీనిని నిషేధిస్తూ న్యూ మెక్సికో రాష్ట్రం 2017లో చట్టం చేయవలసి వచ్చినదంటే ఆలోచించండి.

ఈ అవమానమూ, ఫారాల బాధా పోవాలని 2010లో ఒబామా కాలపు చట్టం ఒక దారి తెరిచినది. ఆహార కూపన్లు వంటి సహాయం పొందే ఇళ్ళ పిల్లలను సర్కారు రికార్డుల నుంచే తీసుకొని లెక్కిస్తారు. అట్లాంటివారు నూటికి 40 మంది ఉన్న బడిలో ఇక ఫారాలే వద్దు, అందరికీ ఉచితం. సర్కారు ఇచ్చే సొమ్ముకు ఆ సంఖ్యను 1.6తో గుణిస్తారు. ఉదాహరణకు 500 మంది పిల్లల బడిలో రికార్డుల ద్వారా తేలినవారు 200 అయితే, 320 భోజనాలకు పూర్తి ఉచితపు రేటు ఇస్తారు. తక్కిన 180కి తక్కువ రేటు. పిల్లలు మాత్రం 500 మందీ ఒకే వరుసలో నిలబడి తింటారు. 2014–15 నుంచి ఇది దేశమంతటా వచ్చినది. న్యూయార్కు నగరం 2017లో తన 11 లక్షల మందికీ ఉచితం చేసినది. 40 అన్న అంకెను 2023లో 25కి దించిరి. కోవిడ్ వేళ 2020 మొదలు 2022 జూన్ దాకా దేశమంతా అందరికీ పెట్టిరి. ఆ తరువాత కాలిఫోర్నియా, మెయిన్, మిన్నెసోటా, మిషిగన్ వంటి రాష్ట్రాలు సొంత ఖర్చుతో దానిని నిలబెట్టుకొన్నవి.

పిల్లల కడుపు నిండినది. జాబితా మాత్రం చచ్చిపోయినది. అందరూ ఉచితంగా తినే బడిలో బీదలు నూటికి నూరు అని వ్రాయాలా, రికార్డులో తేలిన 40 అని వ్రాయాలా? ఒక రాష్ట్రం ఒకటి వ్రాసినది, ఇంకొకటి మరొకటి వ్రాసినది. నిరుటి లెక్కతో ఈ ఏటి లెక్క కలవదు. ఇంగ్లండులోనూ ఇదే జరిగినది. అక్కడ 2011 నుంచి బీద పిల్లల పేరిట బడికి వచ్చే అదనపు సొమ్ము ఉచిత భోజనపు జాబితాను బట్టే వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి చిన్న తరగతుల వారందరికీ భోజనం ఉచితం చేయగానే, తల్లిదండ్రులు పేరు నమోదు చేయించుకోరేమోనని హెడ్మాస్టర్లు కంగారు పడిరి. మన రాష్ట్రంలో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే సుప్రీం కోర్టు 2001 ఆదేశం మీద 2003 జనవరిలో వండిన భోజనం మొదలైన నాటి నుంచి మన ప్రభుత్వ బడిలో పళ్ళెం గరీబు, అమీరు అని అడగలేదు. ఉర్దూ మీడియమైనా తెలుగు మీడియమైనా గంట కొడితే అందరూ ఒకే చాప మీద. ఆదాయపు కాగితం స్కాలర్‌షిప్పు దగ్గర అడుగుతారు గాని అన్నం దగ్గర అడగరు. ఈ ఒక్క విషయంలో మనం వారికంటే ముందే తెలివిగా ఉన్నామని చెప్పుకొనుటలో తప్పు లేదు.

లెక్క పోయినందుకు అక్కడి పండితులు కొందరు విచారించిరి. మాకు అంత విచారం కలుగలేదు. పిల్లవాడు తినడానికి పళ్ళెం, సర్కారు వ్రాసుకోవడానికి రిజిస్టరు. రెండూ ఒకటే అయితే చివరికి అవస్థ పడేది పిల్లవాడే. అయితే సొమ్ము పంపకం ఆగదు గనుక లెక్కా ఆగరాదన్నది నిజమే. కాలిఫోర్నియాలో 2013 చట్టం ప్రకారం అల్పాదాయ పిల్లల సంఖ్యను బట్టి జిల్లాలకు అదనపు గ్రాంటు వస్తుంది. భోజనం అందరికీ ఇచ్చేసిన బళ్ళు ఇప్పుడు ఆ సంఖ్య కోసం "ప్రత్యామ్నాయ ఆదాయ ఫారం" అని ఒకటి ఇళ్ళకు పంపుతున్నవి. అడిగేవి అవే ప్రశ్నలు: ఇంట్లో ఎందరు, సంపాదన ఎంత. తేడా ఒక్కటే, అది నింపితే పిల్లవాడికి వేరుగా ఏమీ రాదు, వచ్చేది బడికి. అందుకని అక్కడి టీచర్లు, గుమాస్తాలు బడి తెరిచిన కొత్తలో తల్లిదండ్రులకు ఫోన్లు చేసి, ఆ కాగితం తప్పక నింపి పంపమని బ్రతిమాలుకొంటున్నారు.